జూరీ పెద్ద అరబా టీచరమ్మ

కేప్‌కోస్ట్ కోర్టులో హత్య కేసు విన్న ఏడుగురు జూరర్లు, వయసులో పెద్దదని టీచరమ్మ అరబా ఎసువన్‌ను తమ పెద్దగా ఎన్నుకున్నారు. చర్చకు కూర్చోగానే ఐదుగురు ఒక్కమాటే అన్నారు.

“వాడే చంపాడు. తేల్చేద్దాం అక్కా, ఆకలేస్తోంది.”

“అందరూ మాట్లాడాకే తిండి,” అంటూ అరబా, అంతవరకూ నోరు మెదపని వెల్డర్ బోట్వే వైపు తిరిగింది. “నువ్వు చెప్పు తమ్ముడూ.”

“ఉన్నది ఒక్క సాక్షి. మార్చి ఏడున సముద్రంలో చేపలు పడుతూ ఈ హత్య చూశానన్నాడు. అది మంగళవారం అక్కా.”

అందరూ మొహాలు చూసుకున్నారు. మంగళవారం సముద్రానికి విశ్రాంతి రోజని ఆ తీరంలో ఎవరూ చేపల వేటకు వెళ్లరు. అరబా జడ్జికి చీటీ పంపి సాక్ష్యం మళ్లీ చదివించింది. తేదీ అదే.

కాసేపటికి ఆమె నిండు కోర్టులో నిలబడింది.

“నిర్దోషి. మా ఏడుగురి మాటా ఇదే.”

నిందితుడి తల్లి కేకపెట్టి గంతేసింది. జడ్జి వద్దన్నా చప్పట్లు ఆగలేదు.