చొక్కా మీద పడ్డ సినిమా పేరు

మొన్న శుక్రవారం తాండూరు డేరా టాకీసులో ఒక సినిమా పేరు, అక్షరం పొల్లుపోకుండా, నా తెల్లచొక్కా మీద పడింది. ఇప్పుడే నవ్వకండి. చాయ్ తాగుతూ వినండి.

ఈసారి ఢిల్లీ సర్కారు పతకం 'గౌరమ్మ దీపం'కు ఇచ్చారని పత్రికలో చదివినప్పటి నుంచి నాకు ఒళ్ళంతా మంట. 'బండల బతుకు'కు ఇవ్వలేదు! శ్రమజీవి కథకు మొండిచేయి, దీపాలకూ హారతులకూ పతకమా? కళ ప్రజలదా, పూజారులదా? స్టేషన్ ముందు హోటల్లో బల్ల గుద్ది అడిగాను. మెమోరాండం రాసి నాపరాయి గనుల కూలీల చేత వేలిముద్రలు కూడా వేయించాను. దాచడమెందుకు, రెండు సినిమాలూ నేను చూడలేదు. సిద్ధాంతం తెలిసినవాడికి సినిమా చూడవలసిన అవసరమేమిటి?

డేరా టాకీసు మేనేజరు కాశన్న పక్క బల్ల మీద చాయ్ ఊదుకుంటున్నాడు.

"పతకమొచ్చిన సిన్మ మంచిగనే ఉన్నదంటున్నరు గద, వీరేశం?"

"దాన్ని నేను ఒక్క మాట మెచ్చుకున్నా సరే, నీ ప్రచారం బండెక్కి తాండూరంత నేనే ఒర్లుత!"

"అందరు విన్నరు గద?" అన్నాడు కాశన్న. హోటలంతా విన్నది. నాకు పొలం లేదు, ఇల్లు లేదు. ఉన్నదల్లా ఆడిన మాట. అది తప్పితే రేపు నా మీటింగుకు ఎవడొస్తాడు?

శుక్రవారం కాశన్న కబురు పంపాడు: నీ సిన్మ వస్తున్నది, రా. నా సినిమా అంటే 'బండల బతుకే' కదా!

మనకు తెలిసిందే, వికారాబాదుకూ తాండూరుకూ కలిపి ఒకటే కాపీ. అక్కడ మ్యాటినీ ఆడగానే డబ్బాలు ప్యాసింజర్ ఎక్కి ఇక్కడికొస్తాయి. ఆ రోజు రెండో డబ్బా, మూడో డబ్బా వచ్చాయి. మొదటి డబ్బా, దానితోపాటు పోస్టర్లు, వికారాబాదు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాయి. కాశన్న తెర ముందుకొచ్చి, "రెండో డబ్బా నుంచి నడిపిస్త. ఎనక బండికి మొదటిది వస్తది, ఆఖర్ల ఏస్త" అన్నాడు.

నా పక్కన ఇసుకలో కూర్చున్న సాయవ్వ, గనిలో బండలు మోసే మనిషి, "ఏస్తె ఏయి. ముందటి కథ ఎనక సూస్తం. యాడికి పోతది?" అంది.

లైట్లు ఆరాయి.

ఏం చెప్పమంటారు! ఒక బావి. తవ్వుతూ తవ్వుతూ మొగుడు అందులోనే చచ్చిపోతే, మిగిలిన రాయి పగలగొట్టడానికి పెళ్ళాం తాడు పట్టుకుంది. ఊరంతా ఆమెను వదినె అనే పిలుస్తారు. దిగేముందు లోపల గాలి ఉందో లేదో చూడడానికి తాడుకు కట్టి దీపం వదిలింది. తెరంతా చీకటి. ఆ ఒక్క చుక్క వెలుతురు కిందికి, ఇంకా కిందికి పోతున్నది. డేరాలో బీడీ కాల్చేవాడు దమ్ము లాగడం మరిచిపోయాడు. "ఆరకే, ఆరకే" అని సాయవ్వ దీపాన్ని బతిమాలుతున్నది. ఏ పుస్తకమూ నన్ను అంత లోతుకు దింపలేదు. చివరికి అడుగున రాయి చెమర్చి, తడి మీద ఆ దీపం రెండయినప్పుడు నా చెంపలు కూడా తడిశాయి.

కథ ముగిసింది. నేను ఆగలేకపోయాను. తెర ముందున్న బెంచీ ఎక్కాను.

"సోదరులారా! ఇదీ ప్రజాకళ! దీన్ని కాదని హారతి పళ్ళేనికి పతకమిచ్చినవాళ్ళు సిగ్గుతో తల వంచాలి!"

సరిగ్గా అప్పుడే జనం వెనక మిషన్ గరగరమంది. మొదటి డబ్బా వచ్చేసింది! కళ్ళు జిగేలుమన్నాయి. జనం గొల్లుమన్నారు.

"వీరేశమన్నా, జర నీ అంగీ సూస్కో!" అని ఎవరో అరిచారు.

తల వంచి చూశాను. నా ఛాతీ మీద, నాకు తలకిందులుగా: గౌరమ్మ దీపం. బొడ్డు దగ్గర: సర్కారు పతకం పొందిన చిత్రం.

బెంచీ దిగి కాశన్న మీదికి పోయాను. "మోసం!"

"నీ సిన్మ హైదరాబాదోల్లు ఇయ్యలే, గిదే అంటగట్టిండ్రు. ముందే చెప్తె డేరా ముంగట అడ్డం పండుకుంటవని చెప్పలే. గని మెచ్చుకున్నది ఎవలు? నేనా?"

"ఏడిసినవ్ గద బిడ్డా," అంది సాయవ్వ. "గంత మంచిగున్నంక పతకమిస్తె నీకేం బాధ?"

మెమోరాండంలో ఆమె వేలిముద్ర కూడా ఉంది మరి.

తెల్లవారి ప్రచారం బండెక్కాను. ముందు డప్పు, చేతిలో రేకు గొట్టం. ఆ దీపం ఇంకా కళ్ళలోనే ఉంది, అందుకని మనసారా చెప్పాలనుకున్నాను. కానీ నోటికి అలవాటయినవే వచ్చాయి. "శ్రామికులారా! కదలండి! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు!"

గంజ్ బజారులో కందుల సేటు దడాలున తలుపులు మూశాడు. బట్టల దుకాణం మూతపడింది. పాలిష్ బండల దగ్గర పని ఆగింది. పోలీసు జమేదారు సైకిల్ అడ్డం పెట్టి, "ఏం గావాలె మీకు?" అని గద్దించాడు.

"సిన్మకు రమ్మంటున్న సార్."

మూడేళ్ళలో నాలుగుసార్లు హర్తాళుకు పిలుపిచ్చాను. ఒక్క పాన్ డబ్బా మూయలేదు. సినిమాకు రమ్మంటే తాండూరు మొత్తం బంద్!