ఎడమకాలి పని

కాశ్మీరు కొండల్లో నేను నడుపుతున్న మిలటరీ లారీ లోయలోకి జారింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి కింద పోయింది. పూనాలో కొయ్యకాలు అమర్చి, విడుదల కాగితం చేతికిచ్చి సైన్యం నుంచి పంపించేశారు. మద్రాసుకు, మైలాపూరు సందులో మేం అద్దెకుంటున్న రెండు గదులకు తిరిగి వచ్చేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. డ్రైవింగు తప్ప మరో పని రాదు.

ఐదారు నెలలు గడప దాటలేదు. కొయ్యకాలు తగిలించుకుంటే మొండికాలు ఒరుసుకుపోయేది. విప్పి మూలన పెట్టేవాణ్ణి. మా ఆవిడ ఏమన్నా అంటే కసిరేవాణ్ణి. ఆ రోజుల్ని ఆమె ఎలా భరించిందో నాకిప్పటికీ తెలియదు.

ఒక ఉదయం ఒక పెద్దాయన మా వాకిట్లో సైకిలు దిగారు. సైనికుల సహాయ ఆఫీసులో పనిచేసే రిటైర్డు సుబేదారు. జబ్బుతోనో గాయాలతోనో సైన్యం వదిలి వచ్చినవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లడమే ఆయన ఉద్యోగం. నాకేమీ అక్కర్లేదన్నాను. "సరి" అని వెళ్లిపోయారు. మరుసటి వారం మళ్లీ వచ్చారు. ఈసారి నన్ను పలకరించి, అడగడం మాత్రం మా ఆవిణ్ణి అడిగారు.

"ఏమ్మా, కాలు తగిలించుకుంటా ఉండాడా?"

"యాడ సార్! పుండ్లు పడతా ఉండాయి. చెప్తే నామీద అరస్తారు."

ఆయన నేలమీద కూర్చుని, నా మొండికాలు తన ఒళ్లో పెట్టుకుని చూశారు. పూనా నుంచి వచ్చాక నేను బాగా చిక్కిపోయాను. కాలు సన్నబడి, దాన్ని దూర్చే కొయ్యకాలి గిన్నె వదులై, అడుగు వేసినప్పుడల్లా లోపల కదులుతోంది. అంతే సంగతి. నేను మాత్రం జన్మంతా ఇంతే అనుకుని కూర్చున్నాను. మర్నాడే ఆయన రిక్షా తెచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ కొయ్యకాళ్లు బాగుచేసే పనివాడు గిన్నెలో తోలు మెత్త అంటించి, పట్టీలు మార్చాడు. పుండు మానాక వీధి చివరిదాకా నడిచి వచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నన్నే చూస్తోంది.

తర్వాత ఆయన నన్ను కుట్టుపని తరగతిలో చేర్పించారు. నాలాంటివాళ్లకు ఆఫీసు వెనక షెడ్డులో నేర్పేవాళ్లు. నాకు నామోషీగా ఉండేది. పైగా మిషను నా మాట వినలేదు. కొయ్యకాలితో తొక్కితే మిషను కింది పలక ఎంత వంగిందో తెలిసేది కాదు. ఎడమకాలు ఒక్కదానితో తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగేది. వారం రోజులు దారం తెంపడమే సరిపోయింది. చివరికి ఒకరోజు గుడ్డ విసిరికొట్టి లేచాను.

మాకు నేర్పేది బర్మా యుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడి భార్య. అందరం అక్కా అనేవాళ్లం. ఆమె గుడ్డ తీసి దులిపి, మళ్లీ మిషను మీద పెట్టింది.

"లారీలో నీ ఎడమకాలు ఏం చేసేదప్పా?"

"క్లచ్చి తొక్కేది."

"ఎట్ల తొక్కేది? నాకు తెల్దు, చెప్పు."

"తొక్కేది సులువక్కా. వదిలేదే కష్టం. ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరి ఆగిపోతాది. మడమ ఆనించి కొంచెం కొంచెంగా వదలాల."

"మరి ఈడ ఎందుకట్ల గుద్దతా ఉండావు?"

మళ్లీ కూర్చున్నాను. చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పి, మడమ ఆనించి, మునివేళ్లతో నొక్కి మెల్లగా వదిలాను. మిషను కదిలింది. జానెడు కుట్టు పడింది, తర్వాత మూరెడు. ఎనిమిదేళ్లు కొండదారుల్లో నేర్చుకున్నది నాతోనే ఉందని అప్పుడు తెలిసింది. తల ఎత్తకుండా ఆ గుడ్డ చివరిదాకా కుట్టాను. అక్క చూసీ చూడనట్టు పక్క మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగేసరికి చొక్కాలు, జాకెట్లు కుట్టగలిగాను. కోడంబాక్కంలో ఒక సినిమా స్టూడియోకి దర్జీ కావాలని తెలిసి సుబేదారుగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడి పెద్ద దర్జీ నా నడక చూసి తటపటాయించాడు.

"ఒక చొక్కా గుడ్డ ఇయ్యండి సార్. కుట్టేదాకా మేము ఈడే ఉంటాం" అని సుబేదారుగారు వరండాలో కూర్చుండిపోయారు. మధ్యాహ్నం మూడు గంటలకు చొక్కా అందించాను. పెద్ద దర్జీ కాలరు తిరగేసి, కుట్టు వెంట వేలు పోనిచ్చి, సోమవారం నుంచి రమ్మన్నాడు. అప్పటిదాకా సుబేదారుగారు అన్నం తినలేదు.

ఆ స్టూడియోలోనే పాతికేళ్లు పనిచేశాను. పిల్లలు నా కుట్టుమీదే చదువుకున్నారు. పని దొరికిన ఆరోజు వరండాలో నేను దండం పెట్టబోతే సుబేదారుగారు చేతులు పట్టుకుని, షెడ్డులోకి కొత్తగా ముగ్గురు వచ్చారనీ, ఆదివారం వచ్చి వాళ్లకు చక్రం తిప్పడం చూపించమనీ అన్నారు. వెళ్లాను. ఆ ఆదివారాలు చాలా ఏళ్లు సాగాయి.