తిరిగి వచ్చిన గిన్నె

శనివారం పొద్దున కాన్వెంటు నుంచి ఫోన్ వచ్చింది. మా ఇంగ్లీషు సిస్టర్ పోయారని చెప్పారు. టైఫాయిడ్ అట. మందులున్న జ్వరం. వారం రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగారట.

మన ఊరివాళ్ళలో చాలామంది ఆవిడ దగ్గర చదువుకునే ఉంటారు. ఆవిడది నాగాలాండ్. నేను ఆరో తరగతిలో ఉండగా అమలాపురం వచ్చారు. క్లాసులో నోరు విప్పని నాకు లైబ్రరీ బీరువా తాళం ఇచ్చి, "మాట్లాడకపోతే ఏమీ కాదమ్మా. చదువు. మాటలు లోపల పోగవుతాయి" అన్నారు. కాన్వెంటు వంటావిడ దగ్గర తెలుగు నేర్చుకున్నారు. మాకంటే ఎక్కువగా ఆయ్ అనేవారు.

మా ఇల్లు కాన్వెంటు వెనక వీధిలోనే. పనసపొట్టు కూర వండితే అమ్మ స్టీలు గిన్నెలో పంపేది. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని ఆవిడకు ఎవరు చెప్పారో గాని, ప్రతిసారీ ఏదో ఒకటి వేసి ఇచ్చేవారు. జామకాయలు, చాక్లెట్లు, ఎక్కువగా పెరట్లో పెంచిన వాళ్ళ ఊరి మిరపకాయలు. వేలి గోరంత ఉండేవి. "కూరకి ఒకటి చాలండి. రెండోది వేస్తే పక్కింటివాళ్ళు కూడా ఏడుస్తారు" అనేవారు.

ఈ ఏడు స్వైన్ ఫ్లూ వచ్చింది. మన ఊళ్ళో పంది జ్వరం అన్నారు. సిస్టర్ వాళ్ళ వైపు పంది మాంసం తింటారని ఎవరో అన్నారు, అంతే. రావులపాలెం బస్సులో ఆవిడ పక్క సీటు ఖాళీ అయిపోయింది.

"చైనా నుంచి ఎప్పుడొచ్చేరండి?" అన్నాడు కండక్టరు.

"పన్నెండేళ్ళ నుంచి అమలాపురమేనండి, ఆయ్."

బస్సంతా నవ్వింది. వెనక సీట్లో ఉన్న నేను లేచి ఆవిడ పక్కకు వెళ్ళలేదు.

మర్నాడు సిస్టర్ దగ్గర ఉండిపోయిన గిన్నె తెస్తానంటే అమ్మ ఆపింది. "ఆవిడనే ఉంచేసుకోమనమ్మా. ఈ జ్వరాలు తగ్గేక చూద్దాం." నేను కాన్వెంటు గేటు బయట నిలబడి ఆ మాటే చెప్పాను. సిస్టర్ అప్పటికే గిన్నె పట్టుకుని వస్తున్నారు. నిండా ఎర్రటి మిరపకాయలు, అప్పుడే కడిగినట్టున్నాయి, మెరుస్తున్నాయి. అక్కడే ఆగిపోయారు.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నారు. "నువ్వు చదవడం మాత్రం మానకు."

తనకు జ్వరమని తెలిస్తే ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని బడి మాన్పించేస్తారని సిస్టర్ భయపడ్డారట. అంత్యక్రియల రోజు కాన్వెంటు మదర్ చెప్పారు. చెబుతూ, సిస్టర్ గది కిటికీలో ఉందని మా గిన్నె తెచ్చి ఇచ్చారు. అడుగున అమ్మ పేరు చెక్కి ఉంది.

అవే మిరపకాయలు. ఎండకు మెలితిరిగిపోయాయి. నడుస్తుంటే గిన్నెలో గలగలమన్నాయి. మా వంటింటి గట్టు మీద పెట్టాను. అమ్మ వాటిని ఇంకా తీయలేదు.