బతికున్న మామకు రెండు నిమిషాల మౌనం

నా మొదటి నవలను గోదావరిఖనిలో సభ పెట్టి ఆవిష్కరించుకుని, అదే సభలో దాన్ని నా చేతులతో పాతిపెట్టిన వైనం చెబుతాను. నవ్వుకోండి, అడ్డు చెప్పను.

నవల మా మేనత్త మరియమ్మ కథ. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నా చిన్నప్పుడే కనిపించకుండా పోయాడు. ఆయన పేరెత్తితే మా నాన్న తింటున్న అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. ఆ మౌనం చూసి, మామ బాయిలోనే పోయి ఉంటాడని తేల్చేశాను. ఒకర్ని అడగడం దేనికి, రచయితను కదా. ఆయన్ని నల్లకొంగను చేసి బాయి నోట్లోంచి ఎగరేశాను. అత్త దిగమింగుకున్న మాటలన్నీ పొయ్యిలో బొగ్గులై రాజుకున్నాయని పేజీలకు పేజీలు రాశాను.

సభలో ఆ కొంగ ఘట్టమే చదివాను. అధ్యక్షత వహించిన రిటైర్డ్ హెడ్మాస్టరు కళ్లు తుడుచుకుని, "ఆ అమరుడికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నారు. అందరూ లేచారు. ముందు వరుసలో అత్త మాత్రం లేవలేదు.

"ఎవలికి మౌనం?" అంది.

"మామకే అత్తా" అన్నాను.

"ఆయన సచ్చిండని నీకెవలు చెప్పిన్రు? మొన్న మందమర్రి బజార్ల తోటకూర కొంటుండంగ చూసిన. పక్కన రెండోది గూడ ఉన్నది."

కూర్చోవాలో నిలబడాలో ఎవరికీ తెలియలేదు.

"అది నవల అత్తా. కొంగ అంటే..."

"కొంగ లేదు గింగ లేదు. పొద్దుగాల బస్సెక్కి పోయిండు, నా చెవుల కమ్మలు గూడ పట్టుకొని. నువ్వేమో రెక్కలు పెట్టి దేవదూతను చేస్తివి. పిల్లల్ని సాదెతందుకు నేను ఎన్ని క్వార్టర్లు ఊడ్సిన్నో, గదంత ఏ పేజీల రాసినవ్?"

ఏ పేజీలోనూ లేదు. "నువ్వెప్పుడూ చెప్పలేదు కదా" అని గొణిగాను.

"నువ్వెన్నడన్న అడిగినవా? పరువు పోతది, నోరు మూసుకొమ్మన్నడు మీ నాయిన. మూసుకున్న. ఇప్పుడు నా మూసిన నోరు మస్తు అందంగున్నదని నువ్వు పుస్తకమేస్తివి."

నాకు ఒళ్లు మండిపోయింది. అత్తమీద కాదు. మెల్లగా తలుపు వైపు జరుగుతున్న నాన్నమీద, అంతకన్నా నామీద.

అత్త వేదికెక్కి నా చేతిలోని మైకు లాక్కుంది. "కూసో తమ్మీ" అంది నాన్నతో. "మౌనమన్నరు గద. ఇగ నువ్వు మౌనంగ ఉండు."

నాన్న కూర్చున్నాడు. ఆమె జరిగిందంతా మొదటినుంచీ చెప్పింది. టీ చల్లారినా ఎవరూ కదల్లేదు. నా పుస్తకం ఒక్క కాపీ అమ్ముడుపోలేదు.

అందుచేత, పాఠక మహాశయులారా, ఇదే నా ప్రమాణం: అడగాల్సిన మనిషిని అడక్కుండా, ఆ మనిషి మౌనం ఎంత అందంగా ఉందో ఈ జన్మలో మళ్లీ రాయను. అత్త బతికున్నంతకాలం అసలే రాయను.