గంతలు కట్టిన కొబ్బరికాయ

మా అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయి నెల దాటింది. మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసుతో బాల్కనీలో నిలబడి చూస్తే, కింద కార్ల మధ్య ఒకాయన చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. వెనకాల మా అసోసియేషన్ సెక్రెటరీ గారు చేతులు కట్టుకుని భయభక్తులతో అడుగులో అడుగు వేస్తున్నారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయిన మనిషి. కాయ ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. అక్కడ ముగ్గుతో గీత గీసి బోరు పాయింటు అంటారు. నాకు నవ్వొచ్చి కాఫీ పొలమారింది. సెక్రెటరీ గారిని చూసి నవ్వలేదు, మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. సత్తుపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు టీచరు. మా ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే ఉండటంతో నన్ను ఆవిడ దగ్గర పెట్టారు. డెబ్భైల చివరి మాట ఇది. ఆవిడకు కోపం ఒక్కదానికే వచ్చేది. అన్నం మాడితే రాదు, పిల్లలు అల్లరి చేస్తే రాదు. "అది గట్లనే ఉంటది, అడగొద్దు" అని ఎవరన్నా అంటే మాత్రం చెవులు ఎర్రబడేవి. ఇంట్లో దేవుడి గది పెదనాన్నది. ఆయన పరమ రామభక్తుడు. ఏటా నవమికి భద్రాచలం బస్సెక్కి, కల్యాణం చూసి, తలంబ్రాలు తెచ్చి ఊరంతా పంచేవాడు. దేవుణ్ణి ఒక్కనాడూ తలవని పెద్దమ్మ తెల్లారకముందే లేచి ఆ ప్రయాణానికి పులిహోర కలిపి, అరిటాకులో కట్టిచ్చేది. "నీ రాముడు నీకు, నా పరీక్షనాళికలు నాకు" అనేది. ఆ ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందని పోట్లాటలు జరిగాయి గానీ దేవుడి మీద ఎప్పుడూ జరగలేదు.

నేను తొమ్మిదిలో ఉండగా వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. ఊరికి సర్కారు ఒకే ఒక్క బోరింగు మంజూరు చేసింది. చేతిపంపును మావైపు బోరింగు అనే అంటారు. పంచాయతీ సమితి ప్రెసిడెంటు గారిది ఆ ఊరే. దాన్ని రామాలయం ఆవరణలో వేయించి, నవమికి ఎమ్మెల్యే చేత ప్రారంభం చేయించాలని ఆయన ఆలోచన. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి మరి. పక్క ఊరి నుంచి కొబ్బరికాయ పెద్దాయనను పిలిపించారు. తెల్లటి మీసాలు, మోకాళ్ళ మీదికి కట్టిన పంచె, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోని మనిషి. ఊరంతా చూస్తుండగా ఆయన నడిచాడు. ధ్వజస్తంభం ముందుకు వచ్చేసరికి కాయ నిటారుగా లేచింది. జనం "రామా!" అన్నారు. పెదనాన్న కళ్ళు చెమర్చాయి.

ఊరికి వాగవతల ఒక పల్లె ఉండేది. ఊరి పొలాల్లో చాకిరీ అంతా ఆ పల్లెవాళ్ళదే, గుడి గడప మాత్రం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. నా పక్కన బెంచీలో కూర్చునే పిల్ల ఆ పల్లెదే. వాగు ఇసకలో చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, బిందె ఇంట్లో దించి బడికి వచ్చేసరికి రోజూ రెండో పీరియడ్ అయ్యేది. లెక్కల్లో క్లాసుకే ఫస్టు. చెలమలు కూడా అడుక్కి పోయాక వాళ్ళమ్మ మా ఇంటి ముందుకొచ్చి, "నీళ్ళకే పొద్దుగూకుతుంది టీచరమ్మా. పిల్లను ఇగ బడి మానిపిస్తున్న" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పూట పెద్దమ్మ అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచింది. సాయంత్రం చావడిలో బోరింగు మీద మీటింగు ఉంటే, ఆడవాళ్ళెవరూ పోని ఆ చోటికి, నా చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

"బోరింగు గుళ్ళో వేస్తే పల్లెవాళ్ళు బిందె పట్టుకొని లోపలికి రావచ్చునా? గదొక్కటి చెప్పండి, కూర్చుంటా" అంది.

"బయట నిలబడితే ఎవరన్న పోస్తరు టీచరమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.

"సర్కారు నీళ్ళకు ఒకరి దయ ఎందుకు?"

"దేవుడు చూపిచ్చిన జాగా అది. కాదనటానికి మనమెవరం?"

అక్కడే ఆయన దొరికిపోయాడు. పెద్దమ్మకు దేవుడితో పేచీ లేదు, చూపించాడన్న మాటతోనే పేచీ. "అయితే ఇంకొక్కసారి చూపించమనండి. ఈసారి పెద్దయ్య కళ్ళకు గంతలు కడదాం" అంది.

ప్రెసిడెంటు నవ్వుతూనే, "భద్రాచలం అవతల అడవిలో బడులు ఖాళీగున్నయట. సైన్సు చెప్పేటోళ్ళు దొరకట్లేదంట" అన్నాడు. బదిలీ చేయిస్తానని బెదిరింపు అది. "అక్కడి పిల్లలకైతే సైన్సు వద్దా ఏంది? పంపండి పోతా. ముందు గంతల సంగతి తేల్చండి" అంది పెద్దమ్మ. నేను ఆవిడ వెనక్కి జరగబోతే, చెయ్యి వదలకుండా పక్కకు లాక్కుంది.

చివరికి ఒప్పుకున్నది, అక్కడే అరుగు మీద కూర్చున్న కొబ్బరికాయ పెద్దాయనే. "కట్టుండ్రి. నాకు భయమేంది?" అన్నాడు. ఇక ఆ గంతలు ఎవరు కట్టాలి? పెద్దమ్మ కడితే ఊరు నమ్మదు, ప్రెసిడెంటు మనుషులు కడితే పెద్దమ్మ నమ్మదు. అప్పుడు వెనక వరసలోంచి పెదనాన్న లేచాడు. భుజం మీద భద్రాచలంలో కొన్న పసుపు అంచు కండువా. "నేను కడత. నా ముడి మీద ఎవరికన్న అనుమానమా?" అన్నాడు. ఆ ఊళ్ళో ఆయన కన్నా పెద్ద భక్తుడు లేడు. అనుమానం ఎవరికి ఉంటుంది?

మర్నాడు పొద్దున ఆ కండువానే కట్టి, పెద్దాయనను కాసేపు అటూ ఇటూ తిప్పి, ముందుగా ధ్వజస్తంభం మీదుగానే నడిపించారు. కాయ కదల్లేదు, హాయిగా పడుకుంది. ఆ తర్వాత ఆయన ఇష్టానికి వదిలేశారు. గోడలకు తగలకుండా చూస్తూ పెదనాన్న పక్కన నడిచాడంతే. ప్రెసిడెంటు గారి గొడ్ల కొట్టం ముందు కాయ లేచింది. బడి వసారాలో లేచింది. ఎండిన వాగు దాటి, పల్లె మలుపులో జామచెట్టు పక్కన పిలక ఆకాశానికేసి నిలబడింది. పెద్దాయన ఆగి, కండువా విప్పుకుని చుట్టూ చూశాడు. "గుడేడున్నది?" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆయన మొహం చూసి ఆపేశారు.

"కాయ లేచింది నిజమేనమ్మా. నేను లేపలే" అన్నాడు పెద్దమ్మతో.

"తెలుసు పెద్దయ్యా. మీరు అబద్ధమాడలే. మనసులో ఏది అనుకుంటే, మనకు తెలవకుండనే చెయ్యి అది చేస్తది."

ప్రెసిడెంటుకు ఒళ్ళు మండింది. "కళ్ళు మూస్తే దేవుడెట్ల చూపిస్తడు?" అన్నాడు. జవాబు పెదనాన్న చెప్పాడు. "రామునికి చూపు ఈయన దగ్గర అరువు దెచ్చుకునే గతి పట్టిందా ఏంది?" పెద్దమ్మ ఆయనకేసి అట్లా చూడటం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయన కాయను చంకన పెట్టుకుని, "గుళ్ళనే నీళ్ళున్నయని ఇగ నేను చెప్పలేను. ఈడ గూడ లేచింది గద" అన్నాడు. అంతే, పల్లెవాళ్ళు, ఊరివాళ్ళు ఒక్కటై "ఈడనే! దేవుడు ఈడనే చూపించిండు!" అని అరిచారు. పెద్దమ్మ తల పట్టుకుంది. "అయ్యో, నా మాటినండి! అక్కడా పడొచ్చు, ఇక్కడా పడొచ్చు, రెండు చోట్లా పడకపోవచ్చు. అందరూ తోడుకునే చోట తవ్వండి, నేననేది అంతే!" అని మొత్తుకుంది. వినేదెవరు? జనం మాట కాదంటే ఓట్లు పోతాయి గనక, ప్రెసిడెంటు గారు ఆ జామచెట్టు పక్కనే బోరింగు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. పల్లెవాళ్ళు తోడుకున్నారు, వాగు దాటొచ్చి ఊరివాళ్ళూ అదే పంపు కొట్టారు. "నీళ్ళ కాడ గెలిచిన, పాఠం కాడ ఓడిన" అని పెద్దమ్మ బతికినన్నాళ్ళూ సణిగింది.

నాకైతే ఆవిడ ఓడినట్టు అనిపించలేదు. బోరింగు వేసిన వారానికి నా బెంచీ పిల్ల మొదటి గంట కొట్టకముందే వచ్చి కూర్చుంది. తలంటుకుని వచ్చింది, జడ ఇంకా తడిగానే ఉంది. పెద్దమ్మ హాజరు పిలుస్తూ ఆ పేరు మాత్రం రెండుసార్లు పిలిచింది. తర్వాత ఆ పిల్ల ఖమ్మంలో లెక్కల లెక్చరరై, నాతోపాటే రిటైరయింది.

వేసవి సెలవుల్లో పెద్దమ్మ బదిలీ ఆర్డరు రానే వచ్చింది, భద్రాచలం అవతలికే. చాలామంది మొహాలు వేలాడేసుకుని సామాన్లు సర్దటానికి వచ్చారు. పెదనాన్న మాత్రం పెళ్ళికొడుకులా తిరిగాడు. ఆ శిక్ష పుణ్యమా అని రాముడు ఆయనకు గంట దూరంలోకి వచ్చాడు! పెద్దమ్మ తన పరీక్షనాళికలను దారిలో పగలకుండా ఆ పసుపు అంచు కండువాలోనే చుట్టుకుంది.

ఆ కండువా ఇప్పుడు నా బీరువాలో ఉంది. అంచు వెలిసిపోయింది. మొన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టి, దాన్ని తీసి భుజాన వేసుకునేసరికి కింద చప్పట్లు వినిపించాయి, కాయ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన లేచినట్టుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇదేనా అని ఒక్క క్షణం దిగులేసింది. ఏళ్ళు మాత్రం వాటంతట అవి ఏం చేస్తాయి? ఆ రోజు చావడికి నడిచి వెళ్ళింది కాలం కాదు, మా పెద్దమ్మ. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను.