మోటర్ చాబి ఊడగొట్టిన చేప

ఈ ముచ్చట నాకు ముందుగాల చెప్పింది చిక్కడపల్లి చాయ్ హోటల్ల నా పక్కన కూసునే యాదగిరి. అశోక్ నగర్ల ఒక ముసలాయన బిల్డింగ్ మీది నీళ్ల ట్యాంకుల చేపలు పెంచిండట, అందరికి అవే నీళ్లు తాపిచ్చిండట. చాయ్ ఒలకబోసుకునేటట్టు నవ్విండు. నేను గూడ నవ్విన. ఏం జేస్త, ఆ ముసలాయన నేనే.

అసలు సంగతి ఇది. మా బిల్డింగ్ మోటర్ రూం చాబి ఏండ్ల సంది నా నడుముకే ఉంటది. పొద్దుగాల మోటర్ ఏసేది నేను. పైన ట్యాంకు నిండితే ఓవర్‌ఫ్లో పైపుల కెల్లి నీళ్లు ఎనకసందుల పడ్తయి. సప్పుడు వినవడాలని పైపు కింద నూనె డబ్బ బోర్లిచ్చి పెట్టిన. డబ్బ మోగంగనే వాచ్‌మన్ భార్య సత్తెమ్మ ఉరికి మోటర్ బంద్ చెయ్యాలె. గది నా రూలు. ఒక్కపారి ఆలస్యం చేసిందని నెల రోజులు ఆమెతోని మాట్లాడలే. అప్పటి సంది ఆమె చెవులు డబ్బ మీదనే ఉంటయి.

మొన్న మనవరాలు నారాయణగూడ దుకాణం కెల్లి ఎర్ర చేపల అక్వేరియం తెచ్చుకున్నది. నీళ్లు మారుతుండాలె, నిండితే హాల్ల పొర్లొద్దు. ప్లాన్ నాకిడువుమన్న. ప్లంబర్‌ని పిలువలే. మా సింక్ పైపు వంకర పెట్టినోన్ని నేను మల్ల గడప తొక్కనియ్య. సుద్దముక్కతోని నేల మీద గీసిన. నాకు రాసుడు సరిగ రాదు గని గీసుడు పక్కా. నల్లా కెల్లి సన్న పైపు లోపలికి. అద్దానికి పై అంచు కింద బొక్క, అండ్ల కెల్లి ఇంకో పైపు బయటికి. అది ఏడికి పోవాలె అన్నదే లొల్లి.

"బాత్రూంలకు ఇడిస్తె అయిపాయె గద మామయ్యా. చేప కొట్టుకపోకుంట పైపు మూతికి జాలి గూడ పెట్టుండ్రి" అన్నది కోడలు.

"ట్యాంకంటె ట్యాంకే. పై ట్యాంకుకు ఏ దారో దీనికి గదే దారి" అన్న.

గోడకు బొక్క కొట్టి, పైపును తీస్కపోయి పై ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపుల కలిపిన. జాలి పెట్టలే, పై ట్యాంకుకు లేదు గద. అతుకుల కాడ ఒక్క చుక్క కారలే, గది మాత్రం అందరు యాదికుంచుకోవాలె.

తెల్లారి కెల్లి పరేషాన్ మొదలైంది. నేను మోటర్ ఏసి, ఇంట్లకొచ్చి చేపల నల్లా ఇప్పుత. జర సేపటికే మోటర్ బంద్ అయితది. ట్యాంకు నిండింది అనుకొని నల్లా కట్టేస్త. పగటాల్లకు ఎవ్వలింట్ల గూడ నీళ్లుండయి. సంపు నిండ నీళ్లున్నయి, మోటర్ మంచిగున్నది, మరి నీళ్లేడ పోతున్నయి? నాకేం సమజైతలేదు. మూడో అంతస్తుల కిరాయికుండే పరీక్షల పోరగాండ్ల మీద పడ్డ. సర్కారు కొలువుకు దినాం రెండు తానాలెందుకురా అని మెట్ల మీద నిలవెట్టి అడిగిన.

"తానమా? మొకం గూడ కడగకనే క్లాసుకు పోతున్నం తాతా" అన్నడు ఒకడు. నేను నమ్మలే.

ఆఖరుకు బిల్డింగోళ్లందరు కూడి, ఆదివారం లోపల సంగతి తేల్చు, లేకుంటే చాబి ఇడువుమన్నరు. నా చాబి!

మరుసటి పొద్దుగాల మోటర్ ఏసి, చేపల నల్లా ఇప్పి, ఎనకసందుల కావలి కూసున్న. డబ్బ మోగింది. సత్తెమ్మ ఉరికి మోటర్ బంద్ చేసొచ్చింది. చూస్తె డబ్బ మీద ఎర్రగ ఏందో ఎగురుతున్నది. ఆమె వంగి దాన్ని కొంగుల పట్టింది.

"పెద్దయ్యా, మన ట్యాంకుల చేపలు పుడుతున్నయా?"

నేను డబ్బను చూసిన. మా గోడల కెల్లి వచ్చి కలిసిన పైపును చూసిన. ఏ ట్యాంకు నీళ్లు పడుతున్నయో డబ్బకేం తెలుసు? దినాం మోటర్ ఏసింది నేనే, పై ట్యాంకు నిండకముందే బంద్ చేపిచ్చింది నేనే. నోరు ఇప్పుదామనేసరికి సత్తెమ్మ గొంతుకు కిటికీలన్ని తెరుసుకున్నయి. చేపను చెంబుల ఏసుకొని నేను మెట్లెక్కేలోపల ట్యాంకుల చేపల ముచ్చట గేటు దాటింది.

ఇప్పుడు చాబి సత్తెమ్మ కొంగుకున్నది. పైపు బాత్రూంలకు పోయింది, మూతికి జాలి వచ్చింది. చేప మంచిగనే ఉన్నది.

ఇగ మిగిలింది యాదగిరి. పై ట్యాంకుల చేపలు లేవు, చేపల నీళ్లు ఎవ్వరు తాగలే, ఆ చేప పడ్డది ఇంట్ల అక్వేరియం కెల్లి అని ఎవరన్న ఆయనకు జర చెప్పుండ్రి. నేనే చెప్తుంటి గని, గంత పక్కాగ నీకెట్ల తెల్సు అని అడుగుతడు.