లింగాల లేని కరపత్రం

కరపత్రంలో డాక్టరమ్మ పేరు కింద లింగాల లేదు. పట్నం కాలేజీ ఉంది, పెద్ద పట్టాలున్నాయి. లింగాల సర్కారు ఆసుపత్రిలో చేసిన మూడేళ్లు మాత్రం లేవు. వనపర్తిలో కొత్తగా తెరిచిన ఒక ఆసుపత్రివాళ్లు పంచిన కాగితమది. ఇంకా సిరా వాసన పోలేదు. అక్కడ అత్యవసర విభాగానికి పెద్ద డాక్టరుగా వస్తున్నది మా సుజాతమ్మే. నాకు ఒళ్లు మండింది.

లింగాలలో నేను వార్డుబాయ్‌ని. బడి మొహం చూడలేదు. మందు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసిననాటి నుంచి ఆమె ప్రతి డబ్బా నా చేతే చదివించేది. తడబడితే నవ్వేది కాదు. "మళ్ల చదువన్నా, తప్పు మందు కంటె ఆలస్యం మందు నయం" అనేది.

ఒకనాడు అడవి అంచు పల్లె నుంచి ఈదన్న అనే అతన్ని మోసుకొచ్చారు. తెల్లవారుజామున కట్లపాము కరిస్తే, మంత్రాలన్నీ అయ్యాక మధ్యాహ్నానికి తెచ్చారు. రెప్పలు వాలిపోయాయి, ఊపిరి ఆగేలా ఉంది. ఆమె విరుగుడు సూది వేసి, గొంతులో గొట్టం దింపి, దానికి రబ్బరు గాలిసంచి తగిలించింది. మా దగ్గర ఊపిరి యంత్రం లేదు. నాగర్‌కర్నూల్ పెద్దాసుపత్రికి పోయే అంబులెన్సులో ఆ సంచి నా చేతికొచ్చింది.

"ఇప్పుడా తెచ్చేది? మంత్రానికి దిగనీకి అదేమన్న దయ్యమా?" అని అతని బావమరిదిని తిడుతూ నొక్కుతున్నాను. కోపమంతా చేతిలోకి దిగింది. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఎల్లయ్యన్నా, నీ కోపం ఆయనకెందుకు ఎక్కిస్తున్నవ్? నువ్వు గాలి పీల్చినప్పుడే నొక్కు. జర నీ ఊపిరి చూస్కో."

దారి పొడవునా ఈదన్నకూ నాకూ ఒకే ఊపిరి నడిచింది. నాలుగో రోజు మేం చూడబోతే ఈదన్న లేచి కూర్చుని అడిగిన మొదటి మాట, "బీడీ ఉన్నదా?"

"గింత గాలి పోసింది పొగ పెట్టనీకా!" అని ఆమె పడీపడీ నవ్వింది.

అప్పటి నుంచి కోపమొస్తే ముందు ఒక ఊపిరి తీస్తాను. కరపత్రం చూసిన రోజు తీయలేదు. లింగాల ఏదని ఆ వనపర్తి ఆసుపత్రికి రెండు ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. లింగాల పేరు చెప్పుకోవడానికి ఆమే నామోషీ పడిందేమోనన్న అనుమానం లోపల గుచ్చింది. మూడో ఉత్తరం ఆమెకే రాశాను: "ఆ మూడేండ్లు నువ్వే వద్దన్నవా అమ్మా?"

నెల తర్వాత ఆమె చేతిరాతతో జవాబొచ్చింది:

"ఎల్లయ్యన్నా, లింగాలను పనిచేసిన చోట్లల్ల రాయలే, చదువుకున్న చోట్లల్ల రాసిచ్చిన. అది కాలేజీ కాదు గద అని ఆసుపత్రోళ్లు కొట్టేసిన్రు. కోపం నీ ఒక్కనికే ఉన్నదనుకున్నవా? కొట్లాడి మళ్ల అచ్చేయించిన. కొత్త కాగితం ఇందులనే పెట్టిన. జర నీ ఊపిరి చూస్కొని చదువు."